తొట్టిలోని జెముడు మొక్కల బాధలు: వాని గుర్తులు, చికిత్స

జెముడును గూర్చి రైతుల పత్రికలో వ్రాయుట చూచి కొందరు సోదరులు నవ్వవచ్చును. గట్టుమీద దానంతట అది మొలచి, పశువు నోటికి దొరకక, ఎండకు చావక, నరికినను మరల చిగిర్చెడి మొక్కకు వైద్యమేల యని అడుగవచ్చును. ఆ ప్రశ్న సమంజసమైనదే. అయితే గట్టుమీది జెముడు వేరు, తొట్టిలోని జెముడు వేరు. గట్టుమీది మొక్క తన యిష్టము వచ్చిన చోట వేరు పారించుకొనును. తొట్టిలోని మొక్కకు మనము పెట్టిన మట్టియే భూమి, మనము పోసిన నీరే వాన. దాని చావు బ్రతుకులు మన చేతిలో నున్నవి.

హైదరాబాదునకు పడమటనున్న మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, రాయదుర్గము ఒకప్పుడు గుట్టలును మెట్టచేలును గల గ్రామములు. 1998వ సంవత్సరమున మాదాపూరులో సైబర్ టవర్సు భవనము ప్రారంభమైనది మొదలు ఆ ప్రాంతము హైటెక్ సిటీ యనియు, సైబరాబాదు అనియు పేరుగాంచి అద్దాల మేడలతో నిండిపోయినది. అచ్చట కంప్యూటరు కొలువు చేయువారు తమ బల్లమీద అరచేతిలో పట్టునంత తొట్టిలో జెముడు మొక్కను పెట్టుకొనుట వాడుకయైనది. వారు దానిని కాక్టసు అందురు. మనము నరికి కంచె వేసిన జాతికి అచ్చట వెలయేర్పడినది. చేవెళ్ల, మొయినాబాదు, శంకరుపల్లి ప్రాంతముల రైతు కుటుంబములు పూలమొక్కలతో పాటు వీనిని కూడ పెంచి అమ్ముకొనుటకు అవకాశము కలదు. గోదావరి తీరమున కడియపులంక నర్సరీలనుండి లారీలలో వచ్చు మొక్కలకు ఇది చక్కని తోడు సరకు.

ఈ విషయము మరియొక తెగ రైతులకు ఇంకను ముఖ్యమైనది. సంగారెడ్డి, రంగారెడ్డి, వికారాబాదు జిల్లాలలో కొందరు డ్రాగన్ ఫ్రూటు తోటలు వేసియున్నారు. 2021వ సంవత్సరమున గుజరాతు ప్రభుత్వము ఆ పండునకు కమలమని పేరు పెట్టినది. ఆ తీగ కూడ జెముడు కుటుంబములోనిదే. రాతి స్తంభములకును, నారుకును, బొట్టు నీటి గొట్టములకును కలిపి ఎకరమునకు లక్షల రూపాయలు వ్యయమగు పంట అది. అప్పు తెచ్చి పెట్టిన పెట్టుబడి, గుర్తు తప్పుగా చదివినందువలన ఒక వానకాలములో కుళ్లిపోరాదు. తొట్టిలోని చిన్న మొక్కను చూచి ఈ జాతి గుణము నేర్చినవాడు తోటలో పొరబడడు. తొట్టి పోయినచో వంద రూపాయలు పోవును. తోట పోయినచో ఇల్లు గుల్లయగును.

జెముడు స్వభావము

జెముడు కుటుంబపు పుట్టినిల్లు అమెరికా ఖండములు. నీరు కరవైన దేశములో బ్రతుకుటకై ఆ మొక్కలు ఆకులను ముండ్లుగా మార్చుకొని, కాండమునే నీటి తిత్తిగా చేసికొన్నవి. తక్కిన మొక్కలు పగటివేళ రంధ్రములు తెరచి బొగ్గుపులుసు వాయువును పీల్చుకొనగా, జెముడు రాత్రి చల్లదనములో తెరచి పగలు మూసికొనును. పగటి యెండలో దాని యొంటినుండి నీరు పోవుట అత్యల్పము. కావున దాని త్రాగుడు కూడ తక్కువ. వంగకును మిరపకును పోసినట్లు దీనికి నీరు పోసినచో అది త్రాగలేదు. త్రాగని నీరు వేళ్ల చుట్టు నిలిచియుండును.

ముండ్లున్నవన్నియు జెముళ్లు కావు. అసలు కాక్టసునకు ముండ్లు మొలచుచోట దూదివంటి చిన్న మెత్త యుండును. ఆ మెత్తనుండియే ముండ్లును, పూవులును, పిలకలును వచ్చును. మన కంచెలలోని ఆకుజెముడు మొదలగునవి వేరు కుటుంబమునకు చెందినవి. వానిని గిల్లినచో తెల్లని పాలు కారును. ఆ పాలు కంటబడినచో తీవ్రమైన మంట కలుగును. అట్టివానిని కోయునపుడు చేతులకు తొడుగులు వేసికొని, కంటికి తగలనీయక జాగ్రత్త పడవలెను. పొరబాటున తగిలినచో వెంటనే మంచినీటితో చాలసేపు కడిగి వైద్యునికి చూపవలెను. ఈ వ్యాసములో చెప్పబోవు చికిత్సలు చాలవరకు రెండు తెగలకును వర్తించును.

ముడుత యొకటి, కారణములు రెండు

జెముడు మొక్కకు బాధ కలిగినపుడు సాధారణముగా కనబడు గుర్తు ముడుత. నిండుగా నున్న కాండము సన్నగిల్లి, గీరలు దగ్గరకు వచ్చి, చర్మము ముసలివాని చేతివలె ముడుతలు పడును. చూచినవారు దప్పిక యని నిశ్చయించి నీరు పోయుదురు. రెండు దినములకు తేరుకొనకున్న మరల పోయుదురు. వారము తిరుగకుండ మొక్క మొదలంట కూలిపోవును. హైటెక్ సిటీ మేడలలో చచ్చెడి జెముళ్లలో పెక్కింటి చరిత్ర ఇదియే.

దీని మర్మమును తెలిసికొనవలెను. వేరు కూడ ఊపిరి తీయును. మట్టి కణముల నడుమ గాలి యున్నంతవరకు వేరు ప్రాణవాయువును గ్రహించి పనిచేయును. ఆ సందులన్నియు నీటితో నిండి దినముల తరబడి యున్నచో వేరునకు ఊపిరాడదు. ఊపిరాడని వేరు చచ్చును. చచ్చిన వేరును శిలీంధ్రములు పట్టి కుళ్లజేయును. కుళ్లిన వేరు నీటిని పీల్చజాలదు. అప్పుడు మొక్క తన కాండములో దాచుకొన్న నీటిని ఖర్చు పెట్టుకొనుచు సన్నగిల్లును. అనగా తడిలో నిలుచుండియు దప్పికతో చచ్చును. పైకి కనబడు ముడుత దప్పికకును ఇదియే, కుళ్లునకును ఇదియే. ఒకదానికి నీరు మందు, రెండవదానికి నీరు విషము.

రైతునకు ఈ మాట క్రొత్త కాదు. శ్రావణ భాద్రపదములలో ముసురు పట్టి నల్లరేగడిలో నీరు నిలిచినపుడు పత్తి చేను ఒక్కసారిగా తలలు వ్రేలవేయుట, కంది పసుపు పారుట మనమెరుగుదుము. అప్పుడెవరును నీరు పెట్టరు. కాలువ తీసి నీటిని బయటకు పంపుదురు. పొలములో చూపెడి ఆ వివేకమునే తొట్టి దగ్గరను చూపవలెను.

పరీక్ష చేయు విధము

కావున ముడుత కనబడగానే చెంబు పట్టుకొనక ఈ అయిదు పరీక్షలు వరుసగా చేయవలెను.

మొదటిది మట్టి పరీక్ష. ఎండిన చీపురుపుల్లనుగాని వెదురు పుల్లనుగాని తొట్టి అడుగు తగులువరకు గ్రుచ్చి, అరగంట యుంచి తీయవలెను. పుల్ల పొడిగా వచ్చినచో మట్టి యెండినది. చెమ్మగా వచ్చి మట్టి యంటినచో లోపల తడి కలదు. పైమట్టి యెండి అడుగున బురదయుండుట మెండు. కావున పైచూపు నమ్మరాదు.

రెండవది బరువు పరీక్ష. ఎండిన తొట్టిని ఒకమారు, నీరు పోసిన పిమ్మట ఒకమారు చేతబట్టి చూచినవారికి ఆ భేదము అలవాటగును. వంద తొట్లు గలవాడు ప్రతిదానిలో పుల్ల గ్రుచ్చనక్కరలేదు. ఎత్తి చూచిన చాలును.

మూడవది ఒత్తిడి పరీక్ష. పుల్లతోగాని తొడుగు వేసిన బొటనవ్రేలితోగాని కాండము మొదట మెల్లగా నొక్కి చూడవలెను. ముడుతలున్నను గట్టిగా నున్నచో దప్పిక కావచ్చును. మొదట మెత్తబడి, పచ్చదనము పోయి, పసుపో గోధుమరంగో వచ్చి, నీరు పట్టినట్లు పారదర్శకముగా నున్నచో అది కుళ్లు.

నాలుగవది వాసన పరీక్ష. ఆరోగ్యముగల మట్టికి తొలకరి వాసన యుండును. కుళ్లిన వేరున్న తొట్టి మురుగు కంపు కొట్టును.

అయిదవది వేరు పరీక్ష. ఇదియే నిర్ణయము చేయునది. సందేహమున్నపుడు కాగితమునుగాని గుడ్డనుగాని మడతబెట్టి మొక్కకు చుట్టి, తొట్టిని వాల్చి, మొక్కను మట్టిముద్దతో బయటకు తీయవలెను. మంచి వేళ్లు తెల్లగనో లేత గోధుమరంగులోనో యుండి లాగినచో గట్టిగా నిలుచును. చెడిన వేళ్లు నల్లగా నుండి, లాగినంతనే పైతోలు ఊడివచ్చి, లోపల నారపోగు మాత్రము మిగులును. జెముడును ఇట్లు బయటకు తీసి చూచుటవలన హాని యేమియు లేదు. కొన్ని దినములు మట్టిలేకున్నను అది బ్రతుకగలదు.

ఒక హెచ్చరిక. వయసు వచ్చిన జెముడు మొదట గోధుమరంగు బెరడు కట్టుట సహజము. ఆ బెరడు పొడిగా, గట్టిగా నుండును; క్రమముగా క్రిందినుండి పైకి ఏండ్లమీద ప్రాకును. అది రోగము కాదు. కుళ్లు మెత్తగా నుండి దినములలో ప్రాకును. గట్టిదనమును మెత్తదనమును వ్రేలు చెప్పును.

కుళ్లునకు చికిత్స

కుళ్లు వేళ్లయందు మాత్రమే యున్నచో మట్టినంతయు దులిపి, చెడిన వేళ్లను కత్తిరించి, మొక్కను నీడలో గాలి తగులుచోట వారము పది దినములు ఆరబెట్టవలెను. పాతమట్టిని మరల వాడరాదు. తొట్టిని కడిగి ఎండబెట్టిన పిమ్మటనే వాడవలెను.

కుళ్లు కాండమునకు ఎక్కినచో కత్తి తప్పదు. పదునైన కత్తిని స్పిరిటుతో తుడిచిగాని మంటపై చూపిగాని, కుళ్లునకు పైన చక్కని భాగములో అడ్డముగా కోయవలెను. కోసిన ముఖమును చూడుడు. నడుమ వలయమువలె కనబడు నాళములయందు గోధుమరంగు చుక్కగాని ఎర్రజీరగాని యున్నచో కుళ్లు ఇంకను పైన కలదు. మరల కత్తిని తుడిచి మరికొంత పైకి కోయవలెను. ముఖమంతయు స్వచ్ఛముగా తేలువరకు ఇట్లు చేయవలెను. ఇందు దయ చూపినచో మొక్క దక్కదు. పిమ్మట కోతపై గంధకపు పొడినిగాని కాపర్ ఆక్సీక్లోరైడు పొడినిగాని పలుచగా చల్లి, నీడలో ఆరబెట్టవలెను. చిన్న కోతకు వారము పది దినములు, లావు కాండమునకు రెండు మూడు వారములు పట్టును. కోత పెచ్చుగట్టి గట్టిపడిన తరువాత పొడి ఇసుక మిశ్రమముపై నిలిపి ఊతమీయవలెను. వేళ్లు పుట్టువరకు తడి ఎంతమాత్రము ఎక్కువ కారాదు. పదిదినముల పిమ్మట కొంచెము చిలుకరించిన చాలును. వెచ్చని దినములలో మూడునుండి ఆరు వారములకు వేళ్లు వచ్చును.

ఎర్రనివి, పసుపుపచ్చనివి గుండ్రని తలలతో అమ్మబడు రంగు జెముళ్లను గూర్చి వేరుగా చెప్పవలెను. వాని తలలో పత్రహరితము లేదు. తమ ఆహారము తాము చేసికొనలేవు. క్రింద మూడు మూలలు గల పచ్చని కాండమునకు అంటుకట్టుటచే అవి బ్రతుకుచున్నవి. 1941వ సంవత్సర ప్రాంతమున జపాను దేశములో ఇట్టివానిని మొట్టమొదట అంటుకట్టి నిలిపిరి. వీని బాధను తలలో గాక క్రింది కాండములో వెదకవలెను. క్రింది కాండము కుళ్లుచున్నచో తలను కోసి క్రొత్త కాండమునకు అంటుకట్టిన బ్రతుకును. ఆ క్రింది కాండము సాధారణముగా డ్రాగన్ ఫ్రూటు తీగయే. తోట గల సోదరులు ఏటేట కత్తిరించి పారవేయు తీగముక్కలలో ఆరోగ్యముగల వానిని ఏరి, నాటి, అంటుమొదళ్లుగా పెంచినచో వ్యర్థము సరకగును.

దప్పికకు చికిత్స

పుల్ల పొడిగా వచ్చి, వేళ్లు మంచివై, కాండము గట్టిగా నున్నచో అప్పుడు నీరు. చాలకాలము ఎండిన మట్టి, ముఖ్యముగా కొబ్బరి పొట్టు, నీటిని పీల్చక ప్రక్కలనుండి జారవిడుచును. అందుచే తొట్టిని మట్టిమట్టమునకు తక్కువగా నుండు నీటి పాత్రలో ఇరువది నిమిషములుంచి అడుగునుండి పీల్చనిచ్చి, తీసి, నీరంతయు ఓడిపోనీయవలెను. మొక్క మూడు నాలుగు దినములనుండి నిండుట మొదలిడును. తడి యెండక మరల పోయరాదు.

ఎండదెబ్బయు, వెలుతురు చాలమియు

జెముడు ఎండ మొక్కయే గదా యని, గదిలోనుండిన దానిని ఏప్రిల్ నెలలో మిద్దెమీద పెట్టుదురు. దక్షిణపు ప్రక్కనో పడమటి ప్రక్కనో చర్మము తెల్లబారి, పిమ్మట గోధుమరంగు గట్టి మచ్చయగును. ఇది ఎండదెబ్బ. ఆ మచ్చ మరల పచ్చబడదు. ప్రాకదు గనుక భయము లేదు. మొక్కను నీడకు మార్చి, క్రమముగా అలవాటు చేయవలెను. ఉదయపు టెండ వారము, పిమ్మట మరికొంతసేపు, ఇట్లు రెండు మూడు వారములలో వెలుపలికి తేవలెను. హైదరాబాదులో మే నెల ఎండ 40 డిగ్రీలకు చేరుచుండును. అట్టి దినములలో చిన్న తొట్ల మధ్యాహ్నపు టెండను నీడవలతో ఆపుట మంచిది.

దీనికి వ్యతిరేకమైనది కార్యాలయపు బాధ. ఆరుబయట నడిమధ్యాహ్నపు వెలుతురు లక్ష లక్సులను చేరును. కార్యాలయపు బల్లమీద దీపముల వెలుతురు మూడువందలనుండి అయిదువందల లక్సులు మాత్రమే. మన కంటికి రెండును వెలుతురే. మొక్కకు అది ఆకలి. ఆ ఆకలితో బంతివంటి మొక్క పైభాగమున సన్నగా, పాలిపోయి, కిటికీవైపు సాగును. సాగిన భాగము మరల లావుకాదు. మొక్కను వెలుతురునకు మార్చినచో ఆపై పెరుగునది మాత్రము సరిగా వచ్చును. కిటికీ ప్రక్కన నుంచి, వారమునకొకసారి తొట్టిని త్రిప్పుట చాలవరకు నివారణ.

వెలుతురు తక్కువయైన చోట నీటి ఖర్చును తక్కువే. చల్లని గదిలో మట్టి ఆరదు. అట్టిచోట కొలువుకు వచ్చినవారు ప్రతిదినము తాము త్రాగి మిగిల్చిన సీసా నీటిని తొట్టిలో ఒంపుచుందురు. ప్రేమతోనే పోయుదురు, మొక్క మాత్రము చచ్చును.

పురుగులు

ముండ్ల నడుమ దూది ముక్కలవలె తెల్లగా కనబడునది పిండినల్లి. రసము పీల్చి మొక్కను కృశింపజేయును. దీని జాతి శక్తిని మన దేశము చూచియున్నది. నాగజెముడు దక్షిణ భారతమున బీళ్లను ఆక్రమించి సేద్యమునకు అడ్డు తగిలిన కాలమున, 1926లో సింహళమునుండి తెచ్చిన కొచినీలు పురుగు కొన్ని యేండ్లలోనే ఆ తుప్పలను మాడ్చివేసినది. అది పిండినల్లికి దగ్గరి చుట్టము. నలిపినచో ఎర్రరంగు వచ్చును. మహారణ్యమువంటి జెముడును మాడ్చిన జాతికి ఒక తొట్టి యెంత!

కొలదిగా నున్నపుడు స్పిరిటులో ముంచిన దూదిని పుల్లకు చుట్టి అంటించినచో పిండినల్లి చచ్చును. ఈ పని సాయంకాలము చేయవలెను. ఎక్కువగా నున్నపుడు లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొంచెము సబ్బునీటితో కలిపి చల్లి, వారము విడిచి మరల రెండు మూడు మారులు చల్లవలెను. ముందుగా ఒక మొక్కపై చల్లి చూచి తక్కినవానికి చల్లుట క్షేమము. పైన పురుగేమియు లేకయే మొక్క పెరుగుట మానినచో వేరును చూడవలెను. వేళ్లమీద తెల్లని బూడిదవలె పిండినల్లి యుండవచ్చును. అప్పుడు వేళ్లను నీటితో కడిగి, ఆరబెట్టి, క్రొత్తమట్టిలో నాటవలెను.

చర్మము తుప్పుపట్టినట్లు గరుకుబారి, ముఖ్యముగా లేత తలవద్ద కంచురంగు వచ్చినచో ఎర్రనల్లిని అనుమానింపవలెను. తెల్లకాగితముపై మొక్కను తట్టినచో చుక్కలు కదలును. పొడిగాలిలో ఇది ప్రబలును. నీటిని గట్టిగా చిమ్మి కడిగి, తడియారిన పిమ్మట గంధకమును చల్లవలెను. మిక్కిలి యెండ దినములలో గంధకము చల్లరాదు. వేపనూనె చల్లిన రెండు మూడు వారములలోపల గంధకమును వాడరాదు. రెండును కలిసినచో చర్మము మాడును.

ఎచ్చటనుండి క్రొత్త మొక్క తెచ్చినను మూడు నాలుగు వారములు తక్కినవానికి దూరముగా నుంచవలెను. క్రొత్త గొడ్డును మందలో కలుపుటకు ముందు చూచినట్లే దీనిని చూడవలెను.

తొట్టి, మట్టి, నీరు

వైద్యముకంటె నివారణ సులభము. తొట్టి అడుగున రంధ్రము లేనిచో జెముడును నాటరాదు. మేడలలో అందముకొరకు వాడు పింగాణి గిన్నెలకు రంధ్రముండదు. అవి మొక్కకు గోరీలు. మట్టితొట్టి శ్రేష్ఠము, ఏలయన దాని గోడలనుండియు తడి ఆరును. వేరుముద్దకంటె అంగుళము వెడల్పైన తొట్టి చాలును. పెద్ద తొట్టిలో తడి నిలుచును.

మిశ్రమమునకు రెండుపాళ్లు ముతక ఇసుక, ఒకపాలు మన చెల్క మట్టి, ఒకపాలు బాగుగా చివికిన పశువుల యెరువుగాని ఆకు ఎరువుగాని కలుపవలెను. ఇసుక బియ్యపు నూకంతదిగా నుండవలెను. సన్నని గచ్చు ఇసుక సిమెంటువలె బిగియును. కలిపిన మిశ్రమమును తడిపి గుప్పిట బిగించి విడిచినచో ముద్దకట్టక రాలిపోవలెను. పచ్చి యెరువును, అధికముగా యూరియాను వాడినచో కాండము మెత్తనై, నీరు తగిలినపుడు పగులును. పగులు పొడిగా నున్నచో దానంతట అది మానును, తడి తగులనీయరాదు.

గ్రానైటు రాతినేల బోరునీటిలో తరచు సున్నపు లవణము లుండును. మట్టిమీదను తొట్టి అంచునను తెల్లని పెచ్చు కట్టుట దాని గుర్తు. లవణము పెరిగినచో వేరుకొసలు మాడును. వాననీరు దొరకినపుడు అదియే యుత్తమము. లేనిచో రెండు మూడు నెలల కొకసారి మంచినీటిని ధారాళముగా పోసి అడుగునుండి కారనిచ్చి లవణమును కడిగివేయవలెను. ఏడాది రెండేండ్లకు మట్టి మార్చవలెను.

నీటి కాలమును తేదీలతో కట్టుట తగదు; పుల్లయే పంచాంగము. అయినను అందాజుకొరకు చెప్పుచున్నాను. ఆరుబయటి చిన్న తొట్లకు వేసవిలో వారము పది దినముల కొకసారి, సాయంకాలమున. శీతకాలములో మూడు నాలుగు వారముల కొకసారి. చల్లని కార్యాలయములలో ఏకాలమునందైనను మూడు నాలుగు వారముల కొకసారి. వానకాలములో చూరు క్రిందనో పారదర్శకమైన కప్పు క్రిందనో పెట్టవలెను. 2020 అక్టోబరు 13, 14 తేదీల నడుమ 24 గంటలలో బేగంపేటలో సుమారు 19 సెంటీమీటర్ల వాన కురిసినది. అట్టి దినము కప్పులేని తొట్టికి ఏ పంచాంగమును పనికిరాదు.

డ్రాగన్ ఫ్రూటు తోటకు ఈ పాఠము

డ్రాగన్ ఫ్రూటు తీగ అమెరికా అడవులలో చెట్లపైకి ఎగబ్రాకి పెరుగునది. ఎడారి బంతులకంటె దీనికి ఎరువును నీరును కొంత హెచ్చుగా కావలెను, మిక్కుటమైన ఎండ తగదు. అయినను వేరు గుణము ఒక్కటియే. వేళ్లు పైపొరలోనే వ్యాపించును గనుక నిలిచిన నీరు వానిని త్వరగా చంపును. అడుగు, అడుగున్నర యెత్తు కట్టలపై నాటి, వరుసల నడుమ కాలువ తీసి, తొలకరికి ముందే నీరు పోవు దారి చూపవలెను. వానలలో తీగ ముడుతపడినచో బొట్టునీటి కవాటమును తెరచుటకు ముందు మొదట మట్టిని చేరెడు త్రవ్వి వేరును చూడవలెను.

ఏప్రిల్, మే నెలలలో పడమటి ప్రక్క తీగ పసుపుబారుట ఎండదెబ్బ. దీనికి నీడవలగాని, లీటరు నీటికి 50 గ్రాముల కయోలిను తెల్లమట్టిని కలిపి చల్లుటగాని ఉపశమనము. తీగపై చిన్న చుక్కలు పుట్టి, నారింజరంగు తిరిగి, గుంటలై కుళ్లుట కాండపు మచ్చతెగులు. అది తడికాలములో ప్రబలును. అట్టి ముక్కలను పొడి దినమున కోసి, చేనిలో పడవేయక కాల్చి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు కలిపి చల్లవలెను. ఒక చెట్టునుండి మరియొక చెట్టునకు పోవునపుడు కత్తిని స్పిరిటుతో తుడుచుట మరువరాదు.

సంఘము చేయదగిన పని

ఒంటరిగా ఒక కుటుంబము ముతక ఇసుక బండి, మట్టితొట్లు, మందులు కొనుట భారము. సభ్యులు పదిమంది కలిసి సంఘము ద్వారా తెప్పించుకొన్నచో వెల తగ్గును. క్రొత్తగా వచ్చిన మొక్కలను వేరుగా నుంచుటకు ఒక పాక చాలును. అమ్ముడుపోవు ప్రతి తొట్టితోను ఒక ఎండు పుల్లను, ఒక చీటిని ఈయవలెను. ఆ చీటిలో వ్రాయవలసినది రెండు ముక్కలు: పుల్ల తడిగా వచ్చినచో నీరు పోయవలదు, మొక్క మెత్తబడినచో పారవేయక మాకు చూపుడు. నగరవాసి కొన్న మొక్క నెలకే చచ్చినచో అతడు మరల కొనడు, మొక్క మంచిది కాదని పదిమందికి చెప్పును. అది రెండేండ్లు బ్రతికినచో పదిమందిని వెంటబెట్టుకొని వచ్చును. సరకు నిలిచిననే సంఘము పేరు నిలుచును.

సభ్యులందరు ఈ వారము తమ పెరటిలోని ఏదైన ఒక తొట్టిని తీసికొని, పుల్ల గ్రుచ్చి చూడుడు. పైన పొడియై లోన తడియైన తొట్లు ఎన్ని యుండునో చూచిన మీకే ఆశ్చర్యము కలుగును. తోట గలవారు వానలు మొదలగుటకు ముందే తమ కట్టల ఎత్తును, కాలువల వాలును సరిచూచుకొనుడు. సందేహమైన మొక్కను వేరుతో సహా సంఘ కార్యాలయమునకు తెచ్చినచో పదిమంది కన్నులు దానిని పరీక్షించును.